బిల్లులు వెనకబడినప్పుడు ముందు దేనికి కట్టాలి?

చెల్లెమ్మా, ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కదా. మీరు బెంగళూరు మున్నేకొలాలలో నెలకు 22,000 అద్దె ఇంట్లో ఉంటున్నారు. మీ వారి ఉద్యోగం పోయింది. మీ ట్యూషన్ల మీద నెలకు 20,000 వస్తోంది, మీ పేరు మీద దాచుకున్నది 70,000 ఉంది. రెండు నెలల అద్దె, రెండు నెలల కరెంటు బిల్లు 2,900 బాకీ. పర్సనల్ లోన్ ఈఎంఐ 13,500 చొప్పున రెండు ఎగిరాయి, మొదటిది ఎగిరి 55 రోజులైంది. బైక్ ఈఎంఐ 4,200 ఒకటి ఆగింది. క్రెడిట్ కార్డు మీద 60,000 ఉంది, పోయిన నెల మినిమమ్ కూడా కట్టలేదు. అత్తగారి ఆరోగ్య బీమా 21,000 కట్టాల్సిన తేదీ దాటి 12 రోజులైంది. పాడేసుకున్న చీటీకి నెలకు 5,000, స్కూల్ ఫీజు 30,000. రాత్రి తొమ్మిదికి కూడా ఫోన్లు, మీ అన్నయ్యకు కూడా చేశారు. జైల్లో పెడతారా, బంగారం అమ్మేయాలా, ముందు ఎవరికి కట్టాలి అని అడిగారు.

నేను బ్యాంకులో వసూళ్ల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అక్కడ రోజూ చూసిన విషయం ఒకటి చెబుతాను. చేతిలో డబ్బు అందరికీ చాలనప్పుడు ఇంట్లోవాళ్ళు ఎవరు ఎక్కువగా ఫోన్ చేస్తే వాళ్ళకి ముందు కట్టేస్తారు. టెన్షన్ తగ్గుతుందని. కానీ ఎక్కువగా ఫోన్ చేసేది ఎవరు? తాకట్టు ఏమీ లేకుండా అప్పు ఇచ్చినవాళ్ళు. క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్, యాప్ లోన్. ఇప్పటికిప్పుడు మీ ఇంట్లోంచి తీసుకుపోవడానికి వాళ్ళకు ఏమీ లేదు, అందుకే ఫోన్ పట్టుకుంటారు. నిజంగా మీ నుంచి ఏదైనా లాగేసుకోగలిగినవాళ్ళు పెద్దగా అరవరు. బీమా కంపెనీ ఒక మెసేజ్ పంపి ఊరుకుంటుంది. కరెంటువాళ్ళు బిల్లు మీదే రాసి వెళ్ళిపోతారు. గడువు దాటుతుంది, అంతే.

కాబట్టి ఎవరు గట్టిగా అడుగుతున్నారని కాకుండా, కట్టకపోతే ఏం పోతుంది, పోయింది మళ్ళీ వస్తుందా అని చూడాలి.

అలా చూస్తే మీ జాబితాలో మొదటిది అత్తగారి ఆరోగ్య బీమా. ఇది ఈ వారమే కట్టేయండి. ఏడాదికోసారి కట్టే పాలసీకి గడువు తేదీ తర్వాత 30 రోజుల గ్రేస్, అంటే అదనపు గడువు, ఉంటుంది. మీకు ఇంకా 18 రోజులు ఉన్నాయి. ఆ లోపు కడితే ఇన్నేళ్లుగా పోగైన కొనసాగింపు నిలుస్తుంది. కానీ గడువు తేదీకీ మీరు కట్టే తేదీకీ మధ్య రోజుల్లో ఆవిడ ఆసుపత్రిలో చేరితే ఏడాది పాలసీలో క్లెయిమ్ రాదు, అందుకే చివరి రోజు దాకా ఆగొద్దంటున్నాను. 30 రోజులు దాటితే పాలసీ పోతుంది. ఆ వయసులో కొత్తది తీసుకుంటే ప్రీమియం ఎక్కువ, పైగా ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ రాని వెయిటింగ్ మళ్ళీ మొదలవుతుంది. షుగరో బీపీయో ఉన్న మనిషికి అది ఎంత నష్టమో మీకు తెలుసు. ఇంకో మాట, మీ వారి కంపెనీ ఇచ్చిన గ్రూప్ బీమా ఉద్యోగంతోనే పోయి ఉంటుంది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో వెంటనే అడగండి.

రెండోది కరెంటు. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా కనీసం 15 పూర్తి రోజుల నోటీసు ఇవ్వకుండా కనెక్షన్ తీయకూడదు. అయితే ఆ నోటీసు కోసం ప్రత్యేకంగా ఎవరో వచ్చి తలుపు కొడతారని ఎదురుచూడొద్దు. 2024 సెప్టెంబరు నుంచి బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం మీటరు రీడింగ్‌కు వచ్చిన రోజే పాత బకాయి ఉన్న కనెక్షన్లు తీసే పద్ధతి పెట్టింది. మొత్తం 2,900 కట్టేయండి. బిల్లు తప్పుగా ఎక్కువ వచ్చిందని మీకు అనుమానం ఉంటే వేరే దారి ఉంది. అభ్యంతరం రాసి ఇచ్చి, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, రెండింట్లో తక్కువైనది కడితే వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదని ఆ సెక్షనే చెబుతుంది. బెస్కాం ఫిర్యాదుల నంబరు 1912.

మీకు ప్రతి నెలా బిల్లు వస్తోందంటే కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతికి నమోదు కాలేదనుకుంటాను. 200 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకు 2023 ఆగస్టు బిల్లుల నుంచి ఆ పథకం అమలవుతోంది, అద్దెకు ఉన్నవాళ్ళకు కూడా వర్తిస్తుంది. మీ ఇంటి పాత సగటు వాడకాన్ని బట్టి ఉచిత పరిమితి పెడతారు, 200 దాటిన నెలలో మాత్రం పూర్తి బిల్లు కట్టాలి. కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైట్ సేవాసింధులో ఆధార్‌ను ఈ ఇంటి అకౌంట్ ఐడీకి కలపాలి. ముందున్న అద్దెవాళ్ళ ఆధార్ ఇంకా ఈ మీటరుకే తగిలించి ఉంటే దాన్ని తీయించాకే మీది ఎక్కుతుంది. మనవాళ్ళు చాలామంది ఇది కన్నడవాళ్ళకే అనుకుని వదిలేస్తున్నారు.

అద్దె సంగతి. మీరు 1,50,000 అడ్వాన్సు ఇచ్చామన్నారు. బెంగళూరులో ఇంత అడ్వాన్సు ఇవ్వడం మామూలు రోజుల్లో భారమే గానీ ఇప్పుడు అదే మీకు ఆసరా. ఓనరుగారి డబ్బు ఎక్కడికీ పోలేదు, ఆయన చేతిలోనే ఉంది. ఆయన ఫోన్ మీరు ఎత్తకుండా తప్పించుకోవడం వల్లే గొడవలు పెరుగుతాయి. ఇద్దరూ కలిసి వెళ్ళి కూర్చుని, జరిగింది చెప్పి, బాకీ ఉన్న రెండు నెలలూ వచ్చే రెండు నెలలూ కలిపి 88,000 అడ్వాన్సులోంచి సర్దుకోమని, ఉద్యోగం వచ్చాక నెలనెలా కొంత చొప్పున అడ్వాన్సు మళ్ళీ నింపుతామని అడగండి. ఒప్పుకుంటే అదే మాట వాట్సాప్‌లో రాసి ఆయన చేత సరే అనిపించుకోండి. ఆ తర్వాత కూడా ఆయన దగ్గర 62,000 ఉంటుంది, పెయింటింగ్ ఖర్చులకూ భయం ఉండదు, కాబట్టి చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోయినా సామాను బయట పడేయడం, తాళం మార్చడం, నీళ్ళు కరెంటు ఆపడం ఆయన చేతిలో లేదు. ఖాళీ చేయించాలంటే కోర్టుకు వెళ్ళాలి. అద్దె ఒప్పందంలో నోటీసు గడువు ఎంత రాసుకున్నారో మాత్రం ఒకసారి చూసుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. అద్దె తప్పుతుందని ఊళ్ళో పొలం మీద అప్పు తెచ్చి లీజు ఇంటికి మారిపోదామని కొందరు సలహా ఇస్తారు. బెంగళూరులో లీజంటే పది పదిహేను లక్షలు ఒకేసారి ఓనరుకు ఇచ్చి, అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు వెనక్కి తీసుకోవడం. ఆ ఓనరు తన ఇంటి లోను కట్టకపోతే బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు మీ లక్షలు ఆ ఓనరు చుట్టూ తిరిగి తెచ్చుకోవాల్సిందే. మంచి రోజుల్లో కూడా పత్రాలన్నీ చూసి చేయాల్సిన పని అది. కష్టంలో ఉన్నప్పుడు అసలే వద్దు.

బైక్ లోను చిన్నదే గానీ బండి వాళ్ళ పేరు మీద తాకట్టులో ఉంది. ఇంటర్వ్యూలకు తిరగాలన్నా, మధ్యలో ఏదైనా చిన్న పని చేసుకోవాలన్నా మీ వారికి అది కావాలి. ఆగిన ఒకటీ, ఈ నెలదీ కట్టేయండి. ఒకవేళ ఎవరైనా వచ్చి రోడ్డు మీద ఆపి తాళంచెవి లాక్కోబోతే ఇవ్వక్కర్లేదు. కండబలంతో బండ్లు లాక్కోవడం కుదరదని 2007లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 112కి ఫోన్ చేయండి.

చీటీ ఎందుకు పైన పెడుతున్నానంటే, మీరు పాడేసుకున్నారు. డబ్బు చేతికొచ్చింది. షూరిటీ పెట్టింది మీ చిన్నాన్నగారు. మీరు ఆపితే కంపెనీ ఆయన మీదికి వెళ్తుంది. బ్యాంకు బాకీ ఎప్పటికైనా తీర్చుకోవచ్చు గానీ బంధుత్వంలో పడిన పగులు అంత సులువుగా పూడదు. కాబట్టి 5,000 కట్టండి, ఆయనకు విషయం ముందే మీ నోటితో చెప్పండి.

స్కూలు ఫీజుకు ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి మూడు భాగాలు అడగండి. ఇంటర్నెట్, పోస్ట్‌పెయిడ్ లాంటివి చిన్న ప్లాన్‌కు మార్చేయండి, వాటి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని పర్సనల్ లోను, కార్డు. ఇవి రెండూ ఒకే బ్యాంకువి అన్నారు. ఇక్కడ చూడాల్సింది ఫోన్ల సంఖ్య కాదు, రోజుల లెక్క. అత్యంత పాత బకాయి 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుంది. 55 రోజులైంది కాబట్టి మీకు 35 రోజులుంది. రెండు ఈఎంఐలూ కలిపి 27,000 కట్టకపోతే లాభం లేదని ఫోన్‌లో చెబుతారు. అది నిజం కాదు. ఒక్క 13,500 కట్టినా ముందు పాత బకాయే తీరుతుంది, లెక్క సుమారు ఒక నెల వెనక్కి వెళ్ళి 25 రోజుల దగ్గర నిలుస్తుంది. ఊపిరి పీల్చుకోవడానికి సమయం దొరుకుతుంది. అదే 90 దాటాక అయితే ఒక ఈఎంఐ కట్టినా ఉపయోగం తక్కువ, మొత్తం బకాయి తీర్చేదాకా ఖాతా మళ్ళీ మామూలు స్థితికి రాదు. ఒకే బ్యాంకులో ఒక ఖాతా ఎన్‌పీఏ అయితే అదే మనిషి పేరున్న మిగతా అప్పులనూ అలాగే లెక్కిస్తారు. కాబట్టి కార్డు మినిమమ్ కూడా ఆ గడువు దాటనివ్వకండి.

అయితే మినిమమ్ కడుతూ పోతే కార్డు తీరుతుందనుకోవద్దు. 60,000 మీద నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 2,100. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 378. మినిమమ్ 5 శాతం అనుకుంటే 3,000 కడతారు, అసలులో తగ్గేది 522. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఈ రోజు నుంచి ఆ కార్డుతో కూరగాయలు కూడా కొనొద్దు. మొత్తం బాకీని ఈఎంఐలుగా మార్చమని బ్యాంకును అడగండి, వడ్డీ బాగా తగ్గుతుంది.

మీ వారి చివరి సెటిల్‌మెంట్ డబ్బు పాత శాలరీ ఖాతాకు రాబోతోందన్నారు. ఆ ఖాతా కూడా అప్పిచ్చిన బ్యాంకులోనే ఉంది. ఖాతాలో పడిన డబ్బును తమ బాకీ కింద జమ చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. మీరు బియ్యం కొందామనుకున్న డబ్బు పొద్దున లేచేసరికి ఉండకపోవచ్చు. వేరే బ్యాంకు ఖాతా నంబరు ఇస్తూ హెచ్‌ఆర్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టమనండి. ఇది ఎగ్గొట్టడం కాదు, ఏ వరసలో కట్టాలో మీరు నిర్ణయించుకోవడం.

జైలు గురించి. డబ్బు లేక అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మీరిచ్చిన చెక్కు గానీ, ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా పోయే ఈఎంఐ ఆదేశం గానీ డబ్బు లేక తిరిగిపోతే, చెక్కుకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్, ఈఎంఐ ఆదేశానికి 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంది, అందులో రెండేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ ముందు రాతపూర్వక నోటీసు రావాలి, అది అందాక కట్టడానికి 15 రోజులు ఉంటుంది. అలాంటి నోటీసు వస్తే చించి పారేయొద్దు, వెంటనే లాయరుకు చూపించండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలో ఉంది, నంబరు 15100. నోటీసు మీ వారి పేరున వచ్చినా ముందు అక్కడ అడిగి చూడండి. లోక్ అదాలత్‌కు రమ్మని కాగితం వస్తే భయపడకండి, అది రాజీకి పిలుపు. మీకు నచ్చని షరతు మీద సంతకం పెట్టమని అక్కడ ఎవరూ బలవంతం చేయలేరు. ఇక వాట్సాప్‌లో అశోక చక్రం బొమ్మ వేసి పంపే అరెస్టు వారెంట్లు బెదిరింపు కాగితాలే. వీడియో కాల్‌లో డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదు, అలా ఎవరైనా చేస్తే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి.

ఫోన్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. అప్పుతో సంబంధం లేని మీ అన్నయ్యకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా తప్పే. తేదీ, సమయం, నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి, వీలైతే రికార్డు చేయండి. బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఇవన్నీ జతచేసి మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు, రూపాయి ఖర్చు లేదు, నంబరు 14448. ఇంటికి ఏజెంటు వస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి. ఏజెంటు సొంత యూపీఐకి ఎట్టి పరిస్థితుల్లోనూ డబ్బు పంపొద్దు, కట్టేదేదైనా లోన్ ఖాతాకే. సగానికి సెటిల్ చేస్తామని ఫోన్‌లో ఆశపెడితే ముందు బ్యాంకు లెటర్ హెడ్ మీద కాగితం అడగండి. అలా తీర్చిన అప్పు సిబిల్ నివేదికలో, అంటే మీ అప్పుల చరిత్రలో, సెటిల్డ్ అని పడుతుంది, పూర్తిగా కట్టి ముగించినట్టు కాదు, తర్వాత ఇంటి లోనుకు వెళ్ళినప్పుడు అడ్డొస్తుంది. మీ వారికి మళ్ళీ ఉద్యోగం వచ్చే అవకాశం బాగానే ఉంది కాబట్టి ఇప్పుడే ఆ దారి వద్దంటాను.

బంగారం ఇప్పుడు కదిలించొద్దు. కార్డు వడ్డీ కంటే బ్యాంకులో బంగారం మీద వడ్డీ చాలా తక్కువ, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ జీతం ఎప్పుడొస్తుందో తెలియని ఈ సమయంలో తాకట్టు లేని అప్పును తీర్చడానికి బంగారం తాకట్టు పెడితే, అరిచేవాడి బాకీని లాక్కునేవాడి బాకీగా మార్చినట్టు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, కొంచెం బంగారం బ్యాంకులో పెట్టి కార్డు మూసేయండి, అప్పుడు అది తెలివైన పనే. పీఎఫ్‌కూ ఇదే మాట. ఉద్యోగం పోయాక 75 శాతం దాకా తీసుకునే వీలుంది, కానీ అప్పులవాళ్ళు కోర్టుకు వెళ్ళినా పీఎఫ్‌ను జప్తు చేయలేరు. చట్టం అంత గట్టిగా కాపాడే డబ్బును మీ చేతులతో తెచ్చి వాళ్ళకు పోయొద్దు. తిండికీ అద్దెకూ నిజంగా కష్టమైతే అప్పుడు కొంత తీయండి. ఈ బాకీలు కట్టడానికి కొత్త యాప్ లోను మాత్రం వద్దే వద్దు.

మీ 70,000 లెక్క ఇలా వస్తుంది. బీమా 21,000, కరెంటు 2,900, బైక్ 8,400, చీటీ 5,000, మొత్తం 37,300. పర్సనల్ లోను ఒక ఈఎంఐ 13,500, స్కూలుకు మొదటి భాగం 10,000. ఇంకా 9,200 ఉంటుంది. కార్డు మినిమమ్ పాతదీ కొత్తదీ కలిపి ఆరు వేల దాకా రావచ్చు, అది పోగా మూడు వేలు చేతిలో ఉంటుంది. ఇల్లు మీ 20,000తో నడవాలి. అద్దె అడ్వాన్సులో సర్దుబాటు అయితేనే ఇది నిలబడుతుంది, కాబట్టి ఓనరుగారి దగ్గరికి ఈ ఆదివారమే వెళ్ళండి.

బ్యాంకుకు మీ వారి మెయిల్ నుంచి ఈ అర్థం వచ్చేలా రాయించండి: ఫలానా తేదీన నా ఉద్యోగం పోయింది, ఉత్తరం జతచేస్తున్నాను. అప్పు తీర్చే ఉద్దేశం నాకు ఉంది. ఈ నెల ఒక ఈఎంఐ కడుతున్నాను. లోను గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని, కార్డు బాకీని ఈఎంఐలుగా మార్చమని కోరుతున్నాను. వడ్డీ, చార్జీలు ఎంతో, సిబిల్‌లో ఎలా నమోదు చేస్తారో రాతపూర్వకంగా తెలపండి. ఫోన్లు నా నంబరుకే, 8 నుంచి 7 మధ్యలోనే చేయండి.

ఏడుపూ, బతిమాలడమూ, కుటుంబ కష్టాలూ అందులో వద్దు. తేదీలు, అంకెలు ఉంటే చాలు. ఫిర్యాదు నంబరు గానీ రసీదు గానీ తీసుకోండి. లోను గడువు పెంచడానికి బ్యాంకు ఒప్పుకుని షరతులు పంపితే, బ్యాంకు పేరు, ఖాతా నంబరు తీసేసి ఆ షరతులు ఇక్కడ పెట్టండి. సంతకం చేసేముందు చూసి చెబుతాను.